తన ముద్ద తాను కలుపుకొను చేయి: వృత్తిచికిత్సా సహాయకులను గూర్చిన అపోహలు, వాస్తవములు

చిత్తూరు, తిరుపతి, కడప ప్రాంతములనుండి రోగులను వెంటబెట్టుకొని కాట్పాడి జంక్షనులో దిగి రాయవేలూరు చేరుకొను తెలుగు కుటుంబములకు అచటి క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రి క్రొత్తది కాదు. 1900వ సంవత్సరమున ఐడా స్కడ్డరమ్మ ఒక్క మంచముతో ఆరంభించి, నేడు సి.ఎం.సి. యను పేర దేశమంతట ప్రసిద్ధమైన ఆ చికిత్సాలయమునకు తరతరములుగ మనవారు పోవుచునే యున్నారు. శస్త్రవైద్యుని పేరు, మందుల పేర్లు, చీటీ వ్రాయించుకొను కిటికీ జాడ కూడ వారికి కంఠస్థము. కాని ఆక్యుపేషనల్ థెరపీ యను వృత్తిచికిత్సా విభాగమున, పక్షవాతమువలన కుడిచేయి పడిపోయినవాని యెదుట ఓపికగ కూర్చుండి, అతనిచేత గిన్నె పట్టించుచు, చొక్కా తొడుగుకొనుట నేర్పుచునుండు సహాయకురాలి పని యేమని అడిగినచో, "మాలీషు చేయును" అని యొకరు, "ఆయావంటిదే" అని యొకరు, "పూసలు గుచ్చించి ప్రొద్దుపుచ్చును" అని మరియొకరు చెప్పుదురు. వేలూరికి చేరువనున్న గుడియాత్తములోని తెలుగిండ్లలో ఈ మాటలు పలుమారులు వింటిని. వీనిని నమ్మిన కుటుంబము రోగిని ఇంటికి తెచ్చుకొన్న పిదప, ఆసుపత్రిలో వారములతరబడి సాధించినది కొలదిదినములలోనే చేజారిపోవును గనుక, వీనిని ఖండింపక ఊరకుండరాదు.

వృత్తిచికిత్స ఫిజియోథెరపీ యను వ్యాయామచికిత్సకు మారుపేరనునది మొదటి అపోహ. ఫిజియోథెరపీ కండరముల బలమును, కీళ్ల కదలికను, నడకను ప్రధానముగ చూచును. ఆ బలముతో మనుష్యుడు తన దినచర్యలో ఏ పని చేసికొనగలడో వృత్తిచికిత్స చూచును. గుడియాత్తములో బీడీలు చుట్టి జీవించు స్త్రీనే తలచుకొనుడు. ఆకును కొలతకు కత్తిరించుట, చిటికెడు పొగాకును సమముగ పరచుట, వ్రేళ్ల నడుమ దొరలించి చుట్టుట, దారము కట్టుట, కొనను మడచి నొక్కుట: మన కంటికిది యొక్కటే పని, వృత్తిచికిత్సకు ఐదు పనులు. ప్రతిదానికిని వేరు కదలిక, వేరు స్పర్శ, వేరు ఏకాగ్రత కావలెను. "చేయి ఆడుటలేదు" అను మాటతో తృప్తి నొందక, ఈ యైదింటిలో తప్పుచున్నదేదో కనుగొని, దానిని సులభరూపమున ఆరంభించి క్రమక్రమముగ కఠినము చేయుటయే యీ శాస్త్రమునకు ప్రాణము. ఆ యూరి మగ్గములపై లుంగీలు నేయువానికి నాడె విసరుటలోను, అగ్గిపెట్టెల కార్ఖానాలో పుల్లలు చట్రమున అమర్చునామెకు వ్రేలికొనల నేర్పులోను ఇట్టి విభజనమే జరుగును. తైలము రాచి కాళ్లు పిసుకుటకును దీనికిని సంబంధము లేదు.

పూసలు, మట్టి, బట్టలారవేయు క్లిప్పులు కాలక్షేపమునకే యనుటయు ఇట్టిదే. మెత్తని క్లిప్పును నొక్కగలిగిన పిదప బిగువైన క్లిప్పు నిచ్చుట, పెద్దపూస పట్టుబడిన పిదప చిన్నపూస నిచ్చుట మోతాదు పెంచుటయే. ఇది కాలక్షేపము గాదనుటకు దీని చరిత్రయు సాక్ష్యమే. మనోవ్యాధిగ్రస్తులకు క్రమబద్ధమైన పని మేలుచేయునను అనుభవమునుండి ఎదిగిన యీ విద్యకు అమెరికాలో 1917లో సంఘమేర్పడెను. మనదేశమున 1950లో, అమెరికాలో జన్మించి భారతీయుని వివాహమాడిన కమలా నింబ్కరు బొంబాయిలో తొలిపాఠశాలను స్థాపించెను. 1952లో ప్రపంచ వృత్తిచికిత్సకుల సమాఖ్య వెలసినపుడు దాని స్థాపకదేశములలో భారతదేశ మొకటి.

"కుష్ఠువ్యాధి వ్రేళ్లను తినివేయును, అట్టి చేతికి పని నేర్పుట వ్యర్థము" అనుమాట వీనియన్నిటిలో క్రూరమైనది. దీని నబద్ధమని ఋజువుచేసిన నేల వేలూరే. కొల్లిమలలలో 1914లో జన్మించి, 1946లో వేలూరు చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండు, రోగుల చేతులను ఏండ్లతరబడి పరిశీలించి, వ్రేళ్లు అరిగిపోవుటకు ప్రధానకారణము క్రిమి గాదనియు, నొప్పి తెలియకపోవుటయే యనియు గ్రహించెను. క్రిమి శరీరమున చల్లనిభాగములలోని నాడులను, ముఖ్యముగ మోచేతి వెనుకనుండి పోవు నాడిని చెరచును, ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు ముడుచుకొనును, స్పర్శ నశించును. పిమ్మట ఆ మనుష్యుడు పొయ్యిమీది గిన్నెను వట్టిచేతితో దింపును, బొబ్బలెక్కినను ఎఱుగడు, పుండుపడిన చేతితోనే పార పట్టును. చీము ఎముకదాక పోవును. నిద్రలో ఎలుకలు వ్రేళ్లు కొరికినను మెలకువరాని రోగులుండిరనియు, అందుచే వారికి పిల్లులను పెంచుకొన నిచ్చితిమనియు బ్రాండు తన రచనలలో తెలిపియున్నాడు. ముడుచుకొన్న వ్రేళ్లకు ఆయన స్నాయువులను మార్చి కుట్టెను. కాని శస్త్రచికిత్స సగము పని మాత్రమే. ఉంగరపువ్రేలిని వంచు స్నాయువొకటి బొటనవ్రేలికి కుట్టబడెననుకొనుడు. దాదాపు మూడువారములు పిండికట్టులో ఉండి బయటపడిన ఆ రోగి, ఉంగరపువ్రేలిని వంచవలెనని తలచినచో బొటనవ్రేలు కదలును! ఈ క్రొత్త పాఠమును మెదడునకు నేర్పుటకు దినమునకు పలుమారులు, విసుగులేక, ఎదుట కూర్చుండి చూపువా రొకరుండవలెను. వేడిగిన్నెలకు గుడ్డ చుట్టి పట్టుట, పనిముట్లకు లావైన చెక్కపిడులు తొడిగించుట, ప్రతిరాత్రి తన చేతులను తానే కంటితో వెదకి గాయముల నరసికొనుట కూడ ఈ శిక్షణములోనివే. 1982నుండి వాడుకలోనున్న బహుళౌషధచికిత్సవలన క్రిమి నశించును. చచ్చిన స్పర్శ పలుమారు తిరిగిరాదు. అందుచే వేలూరి సమీపమున కరిగిరిలోని కుష్ఠువ్యాధి కేంద్రమువంటి చోట్ల ఈ శిక్షణమునకు నేటికిని పని తీరలేదు.

సహాయకురాలిని కొందరు ఆయాగ తలచి చులకన చేయుదురు, కొందరు వైద్యురాలిగ తలచి మందుల సంగతు లడుగుదురు. రెండును పొరపాట్లే. రోగిని తొలుత పరీక్షించి, లక్ష్యములు నిర్ణయించి, చికిత్సాక్రమమును రూపొందించువాడు ఏండ్లతరబడి చదివి పట్టము పొందిన థెరపిస్టు. ఆ క్రమమును సహాయకురాలు నడపును, తనంతట మార్చదు. అయినను రోగితో అధికకాలము గడపునది ఆమెయే గనుక, ఆమె చూపునకు తొలుత అందు సంగతులు కొన్ని కలవు: స్ప్లింటు యను చేతిబద్ద తీసి ఇరువదినిమిషములు గడచినను చర్మముపై ఎఱుపు చెదరలేదా, పడిపోయిన భుజమును బంధువులు పట్టి లాగుచున్నారా, నిన్న చొక్కా తొడుగుకొన్నవాడు నేడు గుండీల యొద్ద ఏల ఆగెను? వీనిని థెరపిస్టునకు తెలుపుట ఆమె విధి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమున వృత్తిచికిత్సకును స్థానము లభించినది. ఇండ్లలో మర్యాద మాత్రమింకను లభింపవలసి యున్నది.

నడక పోయినవాని బ్రతుకు ముగిసినదని యనువారికి డాక్టరు మేరీ వర్గీసు చరిత్రమే సమాధానము. 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రిందిభాగము చచ్చుబడిన ఆ యువవైద్యురాలు, చక్రములకుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. న్యూయార్కులో పునరావాసవైద్యము నభ్యసించి వచ్చి, 1966లో వేలూరి బాగాయమున వెలసిన పునరావాస సంస్థను నడపెను. 1972లో పద్మశ్రీ బిరుదము నందెను. వెన్నుపాము దెబ్బతిన్నవారికి అట్టి చోట్ల నేర్పునదానిలో, అరగంట దాటనీయక చేతులపై భారము మోపి పిరుదులను కుర్చీనుండి లేపుట మొదటిది. అది మరచినచో ఒత్తిడిపుండ్లు తప్పవు.

ఇక నా మనస్సును మిక్కిలి కలచు అపోహ: "ఆ సహాయకురాలికి దయలేదు." కుడిచేయి పట్టుతప్పిన తండ్రి కంచము ముందు అన్నము వెదజల్లుకొనుచుండగా ఆమె చూచుచు కూర్చుండును, కూతురు కన్నీరు పెట్టుకొని, "అమ్మా, నేను తినిపించెదను" అని ముందుకు వచ్చును, సహాయకురాలు ఆమెను వారించును. తినిపించుట మనయిండ్లలో ప్రేమకు పరమరూపము గనుక, వారించునది కఠినురాలుగ తోచుట సహజమే. కాని వాడని చేతిని మెదడు క్రమముగ లెక్కలోనుండి తొలగించును. ముద్దముద్దకు ప్రేమతో ఆ చేతిని మనమే పనినుండి తప్పించుచున్నాము. ఆమె చూచుచున్నది ఊరక చూచుట కాదు. భుజము పైకెగయుచున్నదా, మణికట్టు నిలుచుచున్నదా, వ్రేళ్లు విచ్చుకొనుచున్నవా యని గమనించి, అవసరమైన క్షణమున తన చేతిని అతని చేతిపై ఉంచి, అవసరము తీరినంతనే తీసివేయును. తగినంత మాత్రమే సాయము చేసి ఆగుట సాయము చేయుటకంటె కష్టము. ఈ అభ్యాసము పిండిముద్దతో ఆరంభించి పెరుగన్నమునకు, అటనుండి జారిపోవు సాంబారన్నమునకు సాగవచ్చును. చొక్కాకు సూత్రము వేరు: తొడుగునపుడు పడిపోయిన చేయి ముందు, విప్పునపుడు మంచిచేయి ముందు. ఇది తెలిసినచో భార్య తొడుగవలసిన చొక్కాను భర్త తానే తొడుగుకొనును.

ఆసుపత్రినుండి పంపివేసిరనగా చికిత్స ముగిసెననుకొనుట తుదిపొరపాటు. పక్షవాతమున మొదటి కొన్నినెలలలో కోలుకొనుట వేగముగ నుండుట నిజము. ఆ పిదప అభ్యాసమునకు ఫలితము లేదనుట నిజము కాదు. ఎత్తైన గడపలు, క్రింద కూర్చుండవలసిన మరుగుదొడ్లు, నీళ్లచెంబు బరువు ఇంటికి వచ్చిన పిదపనే యెదురగును. గోడకొక కడ్డీ, మరుగుదొడ్డిలో ఒక కుర్చీ, చెంబునకు పిడి: ఇంత మార్పుతోనే పలువురు పరులపై ఆధారపడుట తగ్గును. గుడియాత్తమునుండి వేలూరు దూరము కాదు. పునఃపరీక్షకు పోవునపుడు రిపోర్టులతోబాటు రోగి ఇంట వాడు చెంబును, చొక్కాను, చెప్పులను సంచిలో వేసికొని పోవుడు, స్నానపుగది ఛాయాచిత్రమొకటి ఫోనులో తీసికొని పోవుడు; సహాయకురాలు వానితోనే అభ్యాసము చేయించును.