మూత్రపిండాల లెక్కలో రంగు గుణకం

రోగికి జ్వరం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి వైద్యుడు థర్మామీటరు వాడతాడు. అది 102 డిగ్రీలు చూపితే జ్వరం 102 డిగ్రీలే. రోగి తెల్లవాడా, నల్లవాడా అని విచారించి, నల్లవాడైతే ఆ అంకెను మరొక అంకెతో గుణించడం ఎక్కడా లేదు. అటువంటి పద్ధతిని ఎవరైనా ప్రతిపాదిస్తే ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం ఒప్పుకోడు. అయినప్పటికీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1999 నుండి ఇరవై ఏండ్లకు పైగా, మూత్రపిండాల పనితీరును అంచనా కట్టే లెక్కలో సరిగా ఇటువంటి గుణకారమే జరుగుతూ వచ్చింది. ఆ గుణకం ఎట్లా ప్రవేశించింది, దాని వలన ఎవరికి నష్టం కలిగింది, దానిని తొలగించడానికి ఎవరు చేతులు కలిపారు అన్న విషయాలు శాస్త్రం చదివే ప్రతివారూ తెలుసుకోదగినవి.

మూత్రపిండాల పని

మానవ శరీరంలో నడుముకు పై భాగాన, వెన్నెముకకు ఇరువైపులా రెండు మూత్రపిండాలు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత సాధనాలు ఉంటాయి. వీటికి నెఫ్రానులని పేరు. ప్రతి నెఫ్రాను మొదట సన్నని రక్తనాళికలు ఉండగా చుట్టుకొని ఉంటాయి. రక్తం వీటిగుండా పోయేటప్పుడు నీరు, లవణాలు, మలిన పదార్థాలు వడపోతకు గురి అవుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీను అణువులు రక్తంలోనే నిలిచిపోతాయి.

ఆరోగ్యవంతుడైన యువకునిలో నిమిషానికి సుమారు 125 మి.లీ. ద్రవం ఈ విధంగా వడకట్టబడుతుంది. రోజుకు 1,440 నిమిషాలు కనుక మొత్తం 180 లీటర్లు! ఇందులో మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర మాత్రమే. తక్కిన నీటినంతా శరీరం తిరిగి పీల్చుకుంటుంది. నిమిషానికి ఎన్ని మి.లీ. వడకట్టబడుతున్నదో తెలిపే అంకెను వడపోత రేటు అంటారు. వ్యాధి వలన నెఫ్రానులు నశించినకొద్దీ ఈ రేటు 125 నుండి 60కి, 30కి, 15కు దిగజారుతుంది. 15 కంటే తగ్గితే మూత్రపిండాలు విఫలమైనట్లే. అటుపైన రోగికి రక్తశుద్ధి యంత్రమైనా కావాలి, మరొకరి మూత్రపిండమైనా అమర్చాలి.

క్రియాటినిన్ చెప్పే సాక్ష్యం

వడపోత రేటును సూటిగా కొలవాలంటే, శరీరం వాడుకోని ఒక పదార్థాన్ని సూదితో రక్తంలోకి ఎక్కించి, అది ఎంత వేగంగా బయటికి పోతున్నదో గంటల తరబడి పరీక్షించాలి. ప్రతి రోగికీ ఇది సాధ్యం కాదు. అందుచేత వైద్యులు శరీరంలో సహజంగా పుట్టే ఒక మలిన పదార్థాన్ని సాక్షిగా తీసుకుంటారు. అదే క్రియాటినిన్.

కండరాలలో క్రియాటిన్ అనే పదార్థం, ఫాస్ఫేటుతో కలిసిన దాని రూపమైన ఫాస్ఫోక్రియాటిన్ ఉంటాయి. కండరం హఠాత్తుగా పనిచేయవలసి వచ్చినప్పుడు తక్షణ శక్తిని సమకూర్చేది ఈ ఫాస్ఫోక్రియాటినే. దీనిని 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నవారు భీమవరంలో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ రెండు పదార్థాలలో రోజుకు నూటికి సుమారు రెండు వంతులు తమంత తామే క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతాయి. మూత్రపిండాలు దానిని వడకట్టి బయటికి పంపుతాయి. వడపోత మందగిస్తే రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్రియాటినిన్ పుట్టేది కండరాలలో కనుక కండబలం ఉన్న యువకుని రక్తంలో అది సహజంగానే ఎక్కువ, బక్కపలచని వృద్ధురాలిలో తక్కువ. మాంసాహారం కూడా దానిని కొంత పెంచుతుంది. కాబట్టి ఇద్దరి రక్తంలో క్రియాటినిన్ ఒకే మోతాదులో ఉన్నంతమాత్రాన ఇద్దరి మూత్రపిండాలూ ఒకే తీరుగా పనిచేస్తున్నట్లు కాదు. ఈ తేడాలను సవరించడానికి వయస్సును, స్త్రీ పురుష భేదాన్ని చేర్చి శాస్త్రజ్ఞులు సమీకరణాలు తయారుచేశారు.

రంగు ప్రవేశించిన విధం

1999లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక సమీకరణానికి 1,628 మంది రోగుల పరీక్షా ఫలితాలు ఆధారం. వారిలో నల్లజాతీయులు సుమారు ఎనిమిదో వంతు. ఒకే క్రియాటినిన్ మోతాదు వద్ద వీరిలో కొలిచిన వడపోత రేటు, తక్కినవారి సగటు కంటే ఎక్కువగా కనిపించింది. కాబట్టి రోగి నల్లజాతీయుడైతే ఫలితాన్ని 1.18తో గుణించాలని సమీకరణంలో చేర్చారు. నల్లజాతీయులకు సగటున కండరాలు ఎక్కువ కావడమే దీనికి కారణమని వివరణ ఇచ్చారు. 2009లో వచ్చిన మెరుగైన సమీకరణంలో ఈ గుణకం 1.159కి తగ్గింది కాని పోలేదు.

ఈ వాదంలో లోపం ఎక్కడ ఉన్నది? కండరాలే కారణమైతే కొలవవలసింది కండరాలను గాని చర్మపు రంగును కాదు. బక్కచిక్కిన నల్లజాతి వృద్ధునికీ, మల్లయోధునికీ ఒకే గుణకం వాడడంలో అర్థం లేదు. తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి అయిన వ్యక్తిని ఏ పట్టికలో చేర్చాలి? రక్తపరీక్ష కాగితంపై జాతి పేరు వ్రాసేది గుమాస్తా కావచ్చు, రోగి కావచ్చు. అది కొలత కాదు. పైగా మానవులలోని జన్యు వైవిధ్యంలో నూటికి సుమారు 85 వంతులు ఏ జనసమూహంలోనైనా వ్యక్తికీ వ్యక్తికీ మధ్యనే ఉన్నదని 1972లోనే రిచర్డ్ లెవాంటిన్ లెక్కకట్టి చూపాడు.

చిన్న అంకె, పెద్ద తేడా

అమెరికాలో మూత్రపిండ మార్పిడి కోరేవారు వరుసలో వేచి ఉండాలి. రక్తశుద్ధి ఇంకా మొదలు కాని రోగికి, వడపోత రేటు 20 గాని అంతకంటే తక్కువ గాని అయిన నాటినుండి నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. ఒకే వయస్సుగల ఇద్దరు పురుషులను ఊహించుకుందాం. ఇద్దరి క్రియాటినిన్ ఒక్కటే. గుణకం లేకుండా లెక్కిస్తే ఇద్దరికీ 20 వస్తుంది. మొదటివాడు తెల్లజాతివాడు, ఈ రోజే వరుసలో చేరతాడు. రెండవవాడు నల్లజాతివాడు, అతని 20ని 1.159తో గుణిస్తే 23కు పైగా వస్తుంది. కనుక అతడు అర్హుడు కాడు. గుణకంతో కూడా అతని రేటు 20కి దిగాలంటే, అసలు అంకె 17.3కు పడిపోవాలి. ఏడాదికి 2 చొప్పున తగ్గుతున్నదనుకుంటే ఇందుకు సుమారు ఏడాది నాలుగు నెలలు పడుతుంది. మూత్రపిండాలు చెడిపోతున్న మనిషికి ఏడాది నాలుగు నెలలంటే సామాన్యమైన కాలం కాదు.

మరొక విషయం. అమెరికాలో మూత్రపిండాల వైఫల్యం నల్లజాతీయులలో తెల్లవారికంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ. అనగా వ్యాధి ఎవరిని ఎక్కువగా బాధిస్తున్నదో వారి మూత్రపిండాలనే ఆ సమీకరణం ఆరోగ్యవంతంగా చూపుతూ వచ్చింది.

చేతులు కలిపినవారు

ఈ లోపాన్ని ముందుగా గుర్తించి గొంతెత్తినవారిలో నల్లజాతి వైద్యులు, పండితులు, విద్యార్థులు ప్రముఖులు. జాతి అనేది ప్రకృతి చేసిన విభజన కాదనీ, సమాజం ఏర్పరచిన విభజన అనీ న్యాయశాస్త్ర ఆచార్యురాలు డొరతి రాబర్ట్స్ 2011లో ఒక గ్రంథంలో వివరించింది. సాన్‌ఫ్రాన్సిస్కోలో మూత్రపిండ వైద్యురాలు వనెస్సా గ్రబ్స్ ఈ గుణకాన్ని వదలిపెట్టాలని పట్టుబట్టింది. ఆమెకు ఈ బాధ పుస్తకాలలో చదివినది మాత్రమే కాదు. తన జీవిత సహచరునికి స్వయంగా ఒక మూత్రపిండం దానం చేసిన మనిషి ఆమె. 2019లో వైద్యురాలు న్వమాకా ఎనెయన్య సహపరిశోధకులతో కలిసి ఈ గుణకం ఫలితాలను పునరాలోచించాలని ఒక ప్రముఖ వైద్య పత్రికలో వ్రాసింది. ఇదే కాలంలో అనేక వైద్య కళాశాలల విద్యార్థులు తమ అధ్యాపకులను ఒకే ప్రశ్న అడిగారు: "ఈ గుణకానికి ఆధారమేమిటి?" బోస్టనులో ఒక ఆసుపత్రి 2017లోనే దీనిని తొలగించగా, 2020లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యశాలలు కూడా తొలగించాయి.

అయితే ఒక ఆసుపత్రిలో ఒక లెక్క, పక్క ఆసుపత్రిలో మరొక లెక్క ఉంటే రోగి గతి ఏమిటి? 2020లో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ అనే రెండు సంస్థలు కలిసి ఒక సంఘాన్ని నియమించాయి. దానికి సింథియా డెల్గాడో, నల్లజాతి వైద్యుడు నీల్ పోవ్ సహాధ్యక్షులు. వైద్యులు, ప్రయోగశాల నిపుణులు, గణాంక నిపుణులతో పాటు రోగులకు కూడా అందులో స్థానం లభించింది.

రెండు వైపులా ప్రమాదం

ఈ సంఘం పని అనుకున్నంత సులభం కాదు. గుణకాన్ని కొట్టివేస్తే చాలదా అని మనకు తోచవచ్చు. అటువంటి తొందరపాటు తగదని 2020లో హెచ్చరించినవాడు పోవ్ స్వయంగా. వడపోత రేటును ఎక్కువగా చూపడంలో ప్రమాదం ఉన్నట్లే తక్కువగా చూపడంలోనూ ప్రమాదం ఉంది. కొన్ని మందుల మోతాదు ఈ అంకెను బట్టి నిర్ణయింపబడుతుంది. అంకె అకారణంగా తగ్గితే మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ వంటి మందు అవసరమున్నవారికి నిలిచిపోవచ్చు; క్యాన్సరు మందు చాలీచాలనంత ఇవ్వవచ్చు. తన బంధువుకు మూత్రపిండం ఇవ్వదలచిన నల్లజాతి దాతను అనర్హుడని తిప్పి పంపవచ్చు.

అందుచేత గ్రబ్స్ వంటివారి న్యాయమైన ఆతురత, పోవ్ వంటివారి జాగ్రత్త రెండూ అవసరమే అయినాయి. లక్ష్యం ఒక్కటే, మార్గంలోనే భేదం. సంఘం 26 పద్ధతులను పరిశీలించింది. చివరకు 2021 సెప్టెంబరులో తన నివేదికను ప్రకటించింది.

కొత్త సమీకరణం

నివేదిక చెప్పిన మొదటి విషయం, జాతి ప్రసక్తి లేకుండా మొదటినుండి తిరిగి కట్టిన కొత్త సమీకరణాన్ని దేశమంతటా వెంటనే వాడాలని. ఇందులో క్రియాటినిన్, వయస్సు, స్త్రీ పురుష భేదం మాత్రమే ఉంటాయి. ఇది పాత సమీకరణం నుండి గుణకాన్ని తుడిచివేసినది కాదు. అందరి కొలతలను ఒకే రాశిగా తీసుకొని కొత్తగా లెక్కించినది. దీనిలోనూ దోషం పూర్తిగా పోలేదు. నల్లజాతీయులలో అసలు రేటు కంటే సగటున 3.6 తక్కువగా, ఇతరులలో 3.9 ఎక్కువగా చూపుతుంది. కాని దోషపు బరువంతా ఒకరి మీదనే మోపకుండా ఇరువైపులా పంచుతుంది.

రెండవ విషయం, సిస్టాటిన్-సి అనే మరొక సాక్షిని ఎక్కువగా ఉపయోగించాలని. ఇది కేంద్రకం గల కణాలన్నిటిలోను పుట్టే చిన్న ప్రోటీను. కండరాలపై అంతగా ఆధారపడదు. స్థూలకాయం, పొగత్రాగడం, స్టెరాయిడు మందులు దీనిని మార్చగలవు కనుక ఇదీ నిర్దుష్టం కాదు. కాని క్రియాటినిన్, సిస్టాటిన్-సి రెండింటినీ కలిపి లెక్కిస్తే అంచనా మరింత సరిగా ఉంటుంది. జాతుల మధ్య తేడా కూడా చాలవరకు తగ్గుతుంది. ఒక సాక్షి కంటే ఇద్దరు సాక్షులు మేలు కదా!

వంశపారంపర్యానికి అసలు ప్రాధాన్యమే లేదని దీని అర్థం కాదు. పశ్చిమ ఆఫ్రికా మూలాలు గలవారిలో కనిపించే ఒక జన్యువు రూపాలు మూత్రపిండ వ్యాధి అవకాశాన్ని పెంచుతాయని 2010లో తేలింది. ఇవే రూపాలు ఆఫ్రికాలోని అతినిద్ర వ్యాధి నుండి రక్షణ ఇస్తాయి. అయితే రెండు హానికర రూపాలూ ఉన్నవారు ఆఫ్రికన్ అమెరికన్లలో నూటికి సుమారు 13 మంది మాత్రమే. వారిని గుర్తించడానికి జన్యు పరీక్ష ఉంది. రంగు ఆ పని చేయలేదు.

పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వడం

లెక్క సరిదిద్దితే రేపటి రోగికి న్యాయం జరుగుతుంది. మరి ఇప్పటికే నష్టపోయినవారి మాట? అమెరికాలో అవయవ మార్పిడిని పర్యవేక్షించే సంస్థ 2022లో జాతి ప్రసక్తి గల సమీకరణాలను నిషేధించింది. అంతటితో ఆగక, 2023 జనవరి నుండి పాత రికార్డులను తిరిగి చూడాలని ఆసుపత్రులను ఆదేశించింది. గుణకం లేకపోతే నల్లజాతి రోగి ఏనాడు అర్హుడై ఉండేవాడో, ఆనాటినుండే అతని నిరీక్షణను లెక్కించాలి. 2024 మార్చి నాటికి 14,000 మందికి పైగా రోగుల నిరీక్షణ కాలం ఈ విధంగా సవరింపబడింది. ఒక్కొక్కరికి సగటున రెండేండ్లు కలిసింది. వైద్య చరిత్రలో ఒక సమీకరణంలోని తప్పుకు రోగులకు కాలం రూపంలో పరిహారం చెల్లించడం అరుదైన సంగతి.

మనకు ఇందులోని పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని మూత్రపిండ వ్యాధి ఎందరినో బలిగొంటున్నది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనాయి. మన ప్రయోగశాలలు ఇచ్చే వడపోత రేటు కూడా ఎక్కువగా పరదేశాలలో కట్టిన సమీకరణాలనుండి వచ్చేదే. కండ తక్కువై, మాంసాహారం అరుదైన కూలివాని రక్తంలో క్రియాటినిన్ సహజంగానే తక్కువ. దానిని పట్టి లెక్కిస్తే అతని మూత్రపిండాలు ఉన్నదానికంటే బాగున్నట్లు కనబడవచ్చు. కనుక ఆ అంకెను తుది తీర్పుగా గాక అంచనాగా మాత్రమే స్వీకరించాలి; మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, వీలైనచోట సిస్టాటిన్-సి పరీక్ష దానికి తోడు కావాలి.

సమీకరణం పలక మీద వ్రాసినప్పుడు నిష్పక్షపాతంగానే కనిపిస్తుంది. దానిలోని ప్రతి గుణకం వెనుక మాత్రం ఎవరినో కొలిచిన కొలత, ఎవరో చేసిన ఊహ ఉంటాయి. కొలతను గౌరవించడం, ఊహను ప్రశ్నించడం శాస్త్రం నేర్పే మొదటి పాఠం. అమెరికాలో ఆ పాఠాన్ని గుర్తుచేసినవారిలో తరగతి గదిలో కూర్చున్న విద్యార్థులు కూడా ఉన్నారన్న సంగతి మన విద్యార్థులు మరువరాదు.