క్యాన్సర్ పరిశోధనకు వజీఫా: తెలియక వదులుకోవద్దు

ఎమ్మెస్సీ పాసైన పిల్లలు "పరిశోధన చేస్తాను" అంటే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న, "ఇంకా ఐదేళ్లు ఎవరు పోషించాలి?" అని. ఇల్లు గడవడమే కష్టమైన చోట అలా అడగడం సహజమే. కాని జవాబు తెలియకపోతే తెలివైన పిల్లలు పరిశోధనశాల గడప తొక్కకుండానే దొరికిన ఉద్యోగంలో చేరిపోతారు. ఎంపికైన పరిశోధక విద్యార్థికి ప్రభుత్వమే నెలనెలా భృతి ఇస్తుంది. దాన్నే ఫెలోషిప్ అంటారు. మన ఉర్దూలో వజీఫా. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు.

భృతి లేని పరిశోధకుని అవస్థ ఎలాంటిదో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతుంది. 1923లో ఆయన అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. అక్కడ ఉపకారవేతనం దొరకక, బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరి పొట్ట పోసుకున్నారు. తరువాతి కాలంలో లెడర్లీ సంస్థలో ఆయన ఆధ్వర్యంలో అమినోప్టెరిన్ తయారైంది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పసిపిల్లలకు ఇచ్చి, వారిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యులు వాడుతున్న మందు. ఆయన ఆ రాత్రి కొలువుతో విసిగి తిరుగుముఖం పట్టి ఉంటే నష్టం ఎందరికి జరిగేదో ఆలోచించండి.

నేడు ఈ దారిలో ముఖ్య ద్వారం సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష. అందులో లైఫ్ సైన్సెస్ విభాగంలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికైతే, 2023 జనవరి 1 నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. పని తృప్తికరంగా ఉంటే ఆ తరువాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. మొత్తం గడువు ఐదేళ్లు.

అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నెట్‌లో అర్హత పొందిన వారందరికీ ఈ భృతి రాదు. ఫలితాల్లో జె.ఆర్.ఎఫ్. అని ఉండాలి. ఆ తరువాత కూడా పీహెచ్‌డీ సీటు వేరుగా సంపాదించుకోవాలి. నిర్ణీత గడువులోగా చేరకపోతే ఆ అర్హత చెల్లదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. లలోనూ, నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన ఆక్ట్రెక్‌లోనూ క్యాన్సర్‌పై పరిశోధన జరుగుతోంది.

ఫెలోషిప్ వేరు, గ్రాంటు వేరు. ఫెలోషిప్ విద్యార్థి పేరున వస్తుంది. గ్రాంటు ఆచార్యుని ప్రాజెక్టుకు, రసాయనాలకు, పరికరాలకు వస్తుంది. ప్రాజెక్టులో ఉద్యోగం దొరికినా మంచిదే, అనుభవం వస్తుంది. కాని ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ముగుస్తుంది. పీహెచ్‌డీ తరువాత స్వంతంగా పరిశోధన చేయదలచిన వారికి హైదరాబాదులోనే కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ వంటి సంస్థల ఫెలోషిప్పులు ఉన్నాయి.

మైనారిటీ విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ కొంత ఆసరాగా ఉండేది. ఇతర పథకాలతో కలిసిపోతున్నదంటూ 2022-23 నుంచి కేంద్రం దాన్ని నిలిపివేసింది. అప్పటికే పొందుతున్న వారికి గడువు దాకా కొనసాగుతుందని చెప్పినా, నెలల తరబడి సొమ్ము అందలేదని 2025లో వారు మొరపెట్టుకోవలసి వచ్చింది. కాబట్టి ఇప్పుడు మన పిల్లలు అందరితో పోటీపడి జె.ఆర్.ఎఫ్. సాధించవలసిందే. సిద్ధం కావడం ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.

ఎంపికైన తరువాత కూడా తొలి సొమ్ము చేతికి రావడానికి ఆలస్యం కావచ్చు. కొత్త ఊరిలో హాస్టలు, భోజనం, ప్రయాణం ఆగవు కదా! ఆ నాలుగు నెలలకు ఊరి పెద్దలు, స్థోమత గలవారు ఖర్జె హసనా ఇచ్చి నిలబెడితే చాలు. భృతి అందగానే విద్యార్థి తీర్చుకుంటాడు. తల్లిదండ్రులకూ ఒక మనవి. వజీఫా ఖైరాత్ కాదు, ప్రతిభకూ కష్టానికీ దక్కే ప్రతిఫలం. "ఎవరు పోషించాలి?" అనే ముందు, పరీక్ష దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడో పిల్లలను అడగండి.