పాతకారు పెట్రోలు గొట్టము

పాత అంబాసిడరు కారును నిత్యము వాడువారు ఉదయమున తలుపు తీయగానే ముక్కునకు సోకు పెట్రోలు వాసనను ఆ కారునకు సహజమైన గుణముగ భావించి ఉపేక్షింతురు. కాని ఆ వాసన ఎచ్చటనుండి వచ్చుచున్నదో వెదకి చూచినచో, వెనుక డిక్కీ అడుగుననున్న ట్యాంకునుండి ముందరి ఇంజనువరకు కారు పొడవునను పాకిపోవు సన్నని గొట్టమొకటి ఎక్కడనో ఒకచోట తడిసి, ధూళి పట్టి, నల్లబడి కనిపించును. ఇంజనును గూర్చియు గేరుపెట్టెను గూర్చియు గ్రంథములు వ్రాసినవారు గలరు గాని ఈ గొట్టమును తలచినవారు అరుదు. ఐనను దీని చరిత్ర నెరుగనివాడు దీనిని సరిగ బాగుచేయజాలడని నా దృఢవిశ్వాసము.

మోటారుకారు బాల్యదశలో ఇంధనమును ఇంజనుకు చేర్చుటకు భూమ్యాకర్షణమే ఆధారము. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ కారునందు ట్యాంకు ముందరి సీటు క్రింద నుండి, కార్బురేటరు అంతకంటె పల్లమున నుండుటచేత, పెట్రోలు తనంతట తానే జారి వచ్చుచుండెను. ట్యాంకు సగము ఖాళీయైన వేళ నిటారైన కొండదారి ఎదురైనచో, కారు ముందుభాగము పైకి లేచి, కార్బురేటరు ట్యాంకుకంటె ఎత్తునకు పోయి, ప్రవాహము నిలిచిపోవుచుండెను గనుక, కారును వెనుదిప్పి, వెనుకగేరులో కొండ నెక్కించుట ఆనాటి చోదకులకు పరిపాటి. పిమ్మట ఇంజను పీల్పుతోనే పెట్రోలును పైనున్న చిన్న పాత్రలోనికి లాగు పద్ధతి వచ్చినది గాని, దీర్ఘమైన ఎత్తులలో ఆ పీల్పు క్షీణించుటచే అదియు చిరకాలము నిలువలేదు.

ట్యాంకు ఎంత దూరముననున్నను ఇంజనుకు నమ్మకముగ పెట్రోలు నందించినది 1920ల చివర అమెరికాలో వ్యాప్తిలోనికి వచ్చిన డయాఫ్రము పంపు. మన మెకానిక్కులు నేటికిని ఏసీ పంపు అనునది ఇదియే. ఇంజనుతో తిరుగు ఇరుసుపైనున్న కేంద్రము తప్పిన చక్రము ఒక మీటను నొక్కగా, ఆ మీట డయాఫ్రమను పొరను క్రిందికి లాగి ట్యాంకునుండి పెట్రోలును పీల్చును. మీట వదలినంతనే స్ప్రింగు ఆ పొరను పైకి నెట్టి పెట్రోలును కార్బురేటరుకు పంపును. కార్బురేటరు నిండినచో పొర క్రిందనే నిలిచిపోయి మీట ఊరక ఆడుచుండును. ఒత్తిడి నిర్ణయించునది ఆ స్ప్రింగు బలమే గనుక అది చదరపు అంగుళమునకు కొలది పౌనులకు మించదు. ఇంత నిరాడంబరమైన యంత్రము ఇంత తెలివిగ తన్ను తాను అదుపు చేసికొనుట నాకు నేటికిని ఆశ్చర్యమే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నుండి పుట్టి, బెంగాలులోని ఉత్తరపారాయందు 1950ల చివరినుండి 2014వరకు తయారైన అంబాసిడరు చిరకాలము ఈ పంపుతోనే నడచినది.

పంపు ఇంజనునకు బిగింపబడియుండును. ఇంజను తన రబ్బరు దిమ్మెలపై సదా కదలుచుండును. ఉక్కు గొట్టమో, కదలని చట్రమునకు అంటియుండును. ఈ రెంటిని కలుపుటకు మెత్తని ముక్క యొకటి తప్పనిసరి యయ్యెను. సహజరబ్బరు ఈ పనికి తగదు, ఏలయన అది పెట్రోలులో ఉబ్బి మెత్తబడిపోవును. 1930ల తొలిభాగమున జర్మనీలో కోన్రాడ్, చుంకూర్ అను రసాయనజ్ఞుల కృషివలన నైట్రైల్ రబ్బరు వెలసినది. దాని అణువులలోని నైట్రైల్ భాగమునకు విద్యుద్ధ్రువత కలదు గనుక ధ్రువత లేని పెట్రోలు అందులోనికి చొరబడుట కష్టము. తరతరముల కార్లు ఈ రబ్బరును నమ్ముకొని నడచినవి.

ఇప్పుడు మారినది ఇంధనమే. 2023లో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు ప్రవేశపెట్టబడి క్రమముగ బంకులన్నిట వ్యాపించినది. ఇథనాలునకు ధ్రువత కలదు. నైట్రైలునకు కవచమైన గుణమే దానికి ద్వారమైనది. పెట్రోలుగాని ఇథనాలుగాని వేరువేరుగ నున్నప్పటికంటె రెండును కలిసినప్పుడే పాతరబ్బరు అధికముగ ఉబ్బును. రబ్బరును మెత్తగ నుంచు ద్రవ్యములు కరిగిపోయి, ఆరినపిమ్మట అది బిరుసెక్కి పగులును. పైగా ఇథనాలు తేమను ఆకర్షించుటచే ఉక్కుగొట్టము లోపలినుండి త్రుప్పు పట్టును.

కారుట కంటికి కనబడినచో అదృష్టమే. ట్యాంకునకును పంపునకును నడుమ నున్న భాగమున పగులు పుట్టినచో, ఇంజను నడచుచున్నంతసేపు అచ్చట పెట్రోలు బయటికి రాదు. గాలి లోనికి పోవును. ఎండలో ఇంజను తడబడి ఆగిపోవ, మన చోదకులు పెట్రోలు ఆవిరియైనదని తలచి పంపుపై తడిగుడ్డ కప్పుదురు. ఆవిరి సత్యమైన కారణమే కావచ్చును. కాని తడిగుడ్డతో తీరనప్పుడు ఆ భాగమును వ్రేళ్లతో తడవి, వంచి, పగుళ్లు చూడవలెను.

మరమ్మతునకు పూనుకొనువాడు ఇంజనును చల్లారనిచ్చి, మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువ సైతము అంటుకొనగల ఆవిరి నిచ్చును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనదగుటచే షెడ్డులోని గోతిలో చేరి నిలుచును. కావున ఈ పని గోతిలో గాక బయట, గాలి వీచుచోట చేయుట మేలు. కారిన చోటనే ముక్క కోసి మార్చుట నే నంగీకరింపను. ఒకచోట పగిలిన రబ్బరు తక్కిన చోటుల సమవయస్కమే గనుక రబ్బరు ముక్కలన్నింటిని ఒక్కసారే మార్చవలెను. లోపల ఫ్లూరోరబ్బరు పొరయుండి, ఇథనాలునకు తగినదని ముద్రింపబడినదానినే కొనవలెను. నీళ్ల పైపుగాని గ్యాసు పైపుగాని ఎన్నటికిని తగదు. చీలికలున్న సాధారణ క్లిప్పు రబ్బరును కోయును. అంచు మడచినది కోయదు. ఉక్కుభాగము త్రుప్పుతో చిల్లిపడినచో, రాగిగొట్టము సులభముగ వంగునని మోసపోరాదు: రాగి అదురుటచే గట్టిపడి చిట్లును, పెట్రోలును జిగటగ మార్చుటకును తోడ్పడును. విజయవాడ ఆటోనగరువంటిచోట పాతగొట్టమును నమూనాగ నిచ్చి, అదే వంపులతో ఉక్కుగొట్టమును చేయించుకొనవచ్చును. ట్యాంకు ప్రక్కన వెల్డింగు మాత్రము నిషిద్ధము.

అంతయు బిగించినపిమ్మట ఇంజనును కొంతసేపు నడపి, ఆపి, ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వాసన చూడవలెను. ఇథనాలు ట్యాంకు గోడలకు అంటిన పాతజిగటను ఊడదీసి ముందుకు తెచ్చును గనుక, క్రొత్త గొట్టముతో బిగించిన ఫిల్టరును కొన్నివందల కిలోమీటర్లకే మరల మార్చవలసివచ్చును.