తీతువు ఎందుకు అరుస్తుంది?

కమలాపురం: చైత్రం వచ్చింది. పాపాఘ్ని ఒడ్డున కానుగలు చిగిర్చాయి, వేపపూత వాసన ఊళ్లోకి కొడుతోంది. పొద్దు వాలితే పిల్లలనూ కుక్కలనూ వెంటబెట్టుకుని ఏటి ఇసుకలోకి షికారు పోవడం ఇక్కడ మామూలే.

మొన్న ఆదివారం మా కుక్క ముందు పరుగెత్తగానే ఒక తీతువు పైకి లేచింది. ఎర్ర ముక్కు, పసుపు కాళ్లు. మా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. వెంట ఉన్న పెద్దాయన "అబ్బీ, మంచిది కాదు, ఇంటికి పోదాం పా" అన్నాడు. కుక్కను పట్టుకుని చూస్తే, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు! గూడు లేదు, పుల్ల లేదు. మట్టిరంగు మీద నల్లమచ్చలు. కాలు పడేదాకా కనపడవు.

మార్చి నుంచి ఆగస్టు దాకా ఇది ఇలా బయలు నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆడా మగా వంతులు వేసుకుని దాదాపు నెలరోజులు పొదుగుతాయి. మన ఎండకు గుడ్లు ఉడికిపోవా? అందుకే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటాయి. ఏరు ఎండితే ఆ తడి కోసం చెలమలు వెతుక్కోవలసిందే.

చావుకబురు తెచ్చే పిట్ట అని రాళ్లు విసిరేవాళ్లు ఇంకా ఉన్నారు. అది అరిచేది మన చావుకు కాదు, తన గుడ్ల కోసం. ఇసుక ట్రాక్టరు, మేకలమంద, మన కుక్క, దానికి అన్నీ ఒకటే. అరుపు వినబడితే కుక్కను పట్టుకుని, కాళ్ల కింద చూసుకుంటూ వెనక్కి రండి.

మేమూ వెనుదిరిగాం. వంద గజాలు నడిచాక అరుపు ఆగింది. పెద్దాయన మాత్రం ఇంటికి పోగానే కాళ్లు కడుక్కున్నాడు.