మీకు తెలుసా? పని మానకపోవడానికి మెట్‌పల్లి చెప్పే లెక్కలు

కొలువు మానేసినవాణ్ని ఎందుకు మానేశావని నలుగురూ అడుగుతారు. ఏళ్లకేళ్లు ఒకేచోట ఉన్నవాణ్ని ఎందుకున్నావని అడిగేవాళ్లు ఉండరు. విన్సెంట్ ఫ్లవర్స్, చార్లెస్ హ్యూస్ అనే ఇద్దరు అమెరికన్లు 1973లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ రెండో ప్రశ్నే వేశారు. పని నచ్చి ఉండేవాళ్లు కొందరైతే, నచ్చకపోయినా వయసు, ఇల్లు, పిల్లలు, కంపెనీ ఇచ్చే సదుపాయాలు చూసుకుని ఉండిపోయేవాళ్లు ఇంకొందరని వాళ్లు తేల్చారు. అదే ప్రశ్న జగిత్యాల జిల్లా మెట్‌పల్లిలో వేస్తే దొరికే జవాబుల్లో మనసు సంగతి తక్కువ, రూపాయల సంగతి ఎక్కువ.

◆ మెట్‌పల్లి, కోరుట్ల పక్క ఊళ్లలో ఆడవాళ్లను బీడీల పనిలో నిలబెట్టింది కూలి కాదు, పీఎఫ్ నంబరు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని ఉంటుంది. ఆకు, తంబాకు కంపెనీ తూకం వేసి ఇస్తుంది. ఆకు నాసిరకంగా వచ్చి బీడీలు తక్కువపడితే సొంత డబ్బుతో ఆకు కొని లెక్క నింపాలి. బాగలేవని పక్కన పడేసిన బీడీలకు పైసా రాదు. తడిపి మూటగట్టిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. ఎనిమిది గంటల్లో వెయ్యి కావాలంటే ఒక్కో బీడీకి అరనిమిషం కూడా దొరకదు. నెలలో సగం రోజులు పనే ఇవ్వని కాలాలు కూడా వచ్చిపోయాయి.

అయినా చాట ఒళ్లోంచి దింపరు. అదే ఊళ్లో నాట్లకు, కలుపుకు పోతే పీఎఫ్ ఉండదు. ఇళ్లలో పనికి ఉండదు. చిన్న దుకాణంలో నిలబడితే ఉండదు. బీడీ కార్మికుల కోసం 1966లో ఒక చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. గుర్తింపు కార్డు ఉంటే పిల్లల చదువుకు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం పదేళ్ల సర్వీసు నిండితేనే నెలనెలా పింఛను. నిండకపోతే ఉన్నది ఒక్కసారి చేతిలో పెట్టి పంపిస్తారు. ఏడో ఏట, ఎనిమిదో ఏట వేళ్లు నొప్పులు పుట్టి మానేద్దామనుకున్న మనిషిని "ఇంక రెండేండ్లు ఓపిక పట్టు వదినా" అని పక్కనామె ఆపేది అందుకే. తెలంగాణ వచ్చాక మొదలైన జీవనభృతి మొదట నెలకు 1000 రూపాయలు, 2019 నుంచి 2016 రూపాయలు. దానికీ పీఎఫ్ ఖాతానే ఆధారం. ఈ ప్రాంతంలో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "పిల్ల బీడీలు చేస్తదా?" అని అడగడంలో ఆశ్చర్యం లేదు. కట్నం మీద ఇంకో ఆదాయం వస్తుందా అని అడగడమే అది. నాకైతే వినడానికి బాగుండదు గానీ, అడిగేవాళ్లకు లెక్క బాగానే తెలుసు.

◆ సౌదీలో తొమ్మిదేళ్లు చేసినవాడు పదో ఏడు నిండేదాకా ఎందుకు పళ్లబిగువున ఉంటాడో తెలుసా? అక్కడి కార్మిక చట్టంలోని 84, 85 అధికరణాలు చదివితే తెలుస్తుంది. సర్వీసు చివర్లో ఇచ్చే డబ్బు మొదటి అయిదేళ్లకు ఏడాదికి అరనెల జీతం చొప్పున, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున కడతారు. కంపెనీయే పంపించేస్తే అంతా వస్తుంది. తనంతట తాను రాజీనామా చేస్తే మాత్రం రెండేళ్లలోపు ఏమీ రాదు. అయిదేళ్ల దాకా మూడో వంతు. పదేళ్లలోపు మూడింట రెండు వంతులు. పదేళ్లు దాటితే మొత్తం.

1200 రియాళ్ల జీతగాడినే తీసుకోండి. తొమ్మిదేళ్లకు లెక్క 7800 రియాళ్లు. అప్పుడు రాజీనామా ఇస్తే చేతికొచ్చేది 5200. ఇంకో ఏడాది ఆగితే 9000. ఆ ఒక్క ఏడాది జీతం కాక అదనంగా 3800 రియాళ్లు, అంటే మూడు నెలల జీతం కంటే ఎక్కువ. ఎండలో సెంట్రింగ్ పని చేసేవాడికి కూడా ఈ పట్టిక నోటికి వచ్చు. మన దేశంలో 1972 గ్రాట్యుటీ చట్టం పెట్టిన అయిదేళ్ల గీత కూడా ఇలాంటిదే. నాలుగున్నరేళ్ల దగ్గర "ఆర్నెల్లు ఆగి పోతా" అనే మాట ఏ ఆఫీసులోనైనా వినిపిస్తుంది.

◆ గల్ఫ్ కొలువులో మొదటి రెండేళ్లు మనిషిని పట్టి ఉంచేది అప్పు. ఏజెంటు సర్కారు లెక్క ప్రకారం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఊళ్లో ఖర్చయ్యే మొత్తం దీనికి పొంతన లేకుండా ఉంటుంది. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 3000. జీతం చెప్పినంత రాకపోయినా, గదిలో పన్నెండు మంది పడుకోవాల్సి వచ్చినా, అసలు తీరేదాకా తిరిగి రావడానికి మొహం చెల్లదు. పైగా కఫాలా పద్ధతిలో వీసా యజమాని చేతిలో ఉంటుంది. అరబాబు, అంటే ఆ యజమాని, మంచోడు కాకపోతే వదిలి వేరేచోట చేసుకుందామంటే ఖల్లివెల్లి అయినట్టే, చట్టం దృష్టిలో పారిపోయినవాడే.

ఇది కొంత మారింది. ఖతార్ 2018లో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది, 2020లో కొలువు మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదంది. సౌదీలో 2021 మార్చి 14 నుంచి ఏడాది పని చేశాక మారే వీలు వచ్చింది. ఇళ్లలో పని చేసేవాళ్లు, ఇళ్ల డ్రైవర్లు, గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్లకు ఆ వీలు ఇవ్వలేదు. మన జిల్లాల నుంచి పోయి ఎడారిలో ఒంటరిగా ఉండేవాళ్లు ఎక్కువగా ఈ కోవలోనే ఉంటారు.

◆ జీతం పెంచి జనాన్ని నిలబెట్టుకున్న కథల్లో పేరున్నది హెన్రీ ఫోర్డ్‌ది. 1913లో ఆయన కార్ల ఫ్యాక్టరీలో దాదాపు 14,000 మందిని పనిలో ఉంచుకోవడానికి ఏడాదిలో 52,000 మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు అయిదు డాలర్లు ప్రకటించాక మానేసేవాళ్లు బాగా తగ్గిపోయారు.

◆ ఇటు మెట్‌పల్లి ఖాదీ సంగతి చూడండి. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ పేరున్న కేంద్రం. దేశంలో ఖాదీ వడికేవాళ్లకు చిలపకు 7.50 రూపాయలు ఉన్న కూలి 2023లో 10 అయింది, 2025 ఏప్రిల్ నుంచి 15. రెండేళ్లలో రెట్టింపు అని గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ 15 రూపాయల్లో కిలో ఉల్లిగడ్డ రాని రోజులున్నాయి. కుర్రవాళ్లు రాట్నం ముందు కూర్చోకపోతే తప్పు వాళ్లది కాదు.

◆ యాభై రెండు రోజులు పనికి పోకుండా కూడా కొలువులో ఉండిపోయినవాళ్లు మన ఆర్టీసీ కార్మికులు. 2019 అక్టోబరు 5న సమ్మె మొదలైంది. గడువులోగా రాని దాదాపు 48,000 మంది తమను తామే తీసేసుకున్నారని, సెల్ఫ్ డిస్మిస్ అని ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబరు 5 అర్ధరాత్రి దాకా ఇంకో గడువు ఇచ్చినా చేరినవాళ్లు కొద్దిమందే. సమ్మె విరమించింది నవంబరు 25న. మెట్‌పల్లి డిపో సహా అన్నిచోట్లా మళ్లీ డ్యూటీ ఎక్కారు. అన్ని రోజులు జీతం లేకుండా ఉన్నవాళ్లు ఇంకో పని వెతుక్కుని పోయి ఉండొచ్చు గదా అని పట్నంలో కూర్చుని అనడం తేలిక. ఆ డిసెంబరులోనే రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెరిగింది. 2023 ఆగస్టులో వాళ్లను సర్కారు ఉద్యోగులుగా తీసుకునే బిల్లు శాసనసభలో గట్టెక్కింది.

◆ నిజాం సర్కారు 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన తెచ్చింది. తీసుకున్న అప్పు కింద దొర దగ్గర తరతరాలు చాకిరీ చేసే ఆ ఒప్పందానికి ఏడాది మించి చెల్లుబాటు లేదని దాని సారాంశం. కాగితం మీదే మిగిలింది. అందుకే 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం నిషేధించిన పద్ధతుల జాబితాలో భగేలా మళ్లీ కనిపిస్తుంది.

◆ మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి కూడా రాజీనామా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మల్లాపూర్ మండలం ముత్యంపేటలోని చక్కెర ఫ్యాక్టరీ, 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్స్ కుటుంబంలోది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, మెదక్ దగ్గరి ముంబోజిపల్లి యూనిట్లకు మూడింటికీ లే-ఆఫ్ ప్రకటించారు. లే-ఆఫ్ అంటే కొలువు పోలేదు, పని లేదు. యాజమాన్యమే తీసేస్తే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పెట్టిన లెక్క ప్రకారం చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం నష్టపరిహారంగా రావాలి. తానే రాజీనామా రాసిస్తే ఆ పరిహారం హక్కు పోతుంది. పాతికేళ్ల సర్వీసున్నవాడికి అది ఏడాదికి మించిన జీతం. బకాయిలు వేరే. అందుకని పొద్దున చెరుకు తోటలోనో, ఆటో మీదో పని చేసుకుంటూ రికార్డుల్లో ఫ్యాక్టరీ కార్మికుడిగానే ఉండటం తెలివి తక్కువ పనేమీ కాదు.

ఆ చట్టం పెట్టిన ఇంకో వింత ఉంది. సీజన్‌ను బట్టి నడిచే ఫ్యాక్టరీలకు వర్తించదు గానీ, మిగతాచోట్ల లే-ఆఫ్ పరిహారంగా సగం జీతం కావాలంటే పని లేని ఫ్యాక్టరీకి రోజుకు ఒక్కసారైనా వచ్చి హాజరు చెప్పాలి.

◆ 2001లో టెరెన్స్ మిచెల్, ఆయన సహచరులు అమెరికాలో ఒక కిరాణా దుకాణాల సంస్థ ఉద్యోగులనూ, ఒక ఆసుపత్రి ఉద్యోగులనూ అడిగి చూశారు. కొలువులో దోస్తులు, ఇంటి చుట్టూ అల్లుకున్న సంబంధాలు, వదిలితే పోగొట్టుకునేవి, ఇవన్నీ కలిపి మనిషిని పట్టి ఉంచుతాయని తేల్చారు. వాళ్లు చూసిన మనుషులకు ఇల్లూ కొలువూ ఒకే ఊళ్లో. బీడీలు చేసే ఆడవాళ్లకు అది అచ్చంగా సరిపోతుంది: అరుగు మీద నలుగురు కూర్చుంటే చేతులు వాటంతటవే నడుస్తాయి, మాటలు సాగుతాయి, చంటిపిల్ల పక్కనే నిద్రపోతుంది. గల్ఫ్ వాళ్ల దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. సంబంధాలన్నీ మెట్‌పల్లిలో, కొలువు రియాద్‌లో. మామూలుగా అయితే ఆ సంబంధాలు మనిషిని ఇంటికి లాగాలి. ఇక్కడ అవే అక్కడ ఉంచుతాయి: చెల్లె పెళ్లి అయ్యేదాకా, స్లాబు పడేదాకా, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కట్టేదాకా. స్లాబు పడ్డ తర్వాత పై అంతస్తు మాట మొదలవుతుంది, ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, ఇంకో ఏడాదికి రెన్యూవల్ అవుతుంది.