చేతి నుంచి చేతికి

పాఠ్యభాగ పరిచయం

అచ్చుయంత్రం వచ్చిన తరువాత పాశ్చాత్య దేశాలలో మరుగునపడిన లేఖనకళ, చేతి పుస్తక నిర్మాణం తిరిగి ఎలా ప్రాణం పోసుకున్నాయో, వృత్తిసంఘాలు వాటిని నేటికీ ఎలా నిలబెడుతున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

విద్య మనిషికి రెండు మార్గాలలో అందుతుంది. పుస్తకం ద్వారా అందేది ఒకటి, మనిషి ద్వారా అందేది మరొకటి. గణిత సూత్రాన్ని పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. కుండ చేయడం, బట్ట నేయడం, వీణ మీటడం అలా పట్టుబడవు. గురువు వేళ్ళు కదిలే తీరును శిష్యుని కన్ను గమనించాలి. శిష్యుని చేయి తడబడినపుడు గురువు సరిదిద్దాలి. ఇలా చేతి నుంచి చేతికి సాగే విద్యకు మధ్యలో ఒక్క తరం ఎడం వచ్చినా దారం తెగిపోతుంది. విద్యలన్నింటినీ దాచిపెట్టే పుస్తకాన్ని తయారుచేసే విద్యకే ఒకప్పుడు ఈ గతి పట్టింది. తెగిన ఆ దారాన్ని కొందరు పట్టుదలతో తిరిగి ముడివేశారు. ఆ కథ తెలుసుకోదగినది.

మధ్యయుగాల ఐరోపాలో ప్రతి పుస్తకమూ చేతితో వ్రాసినదే. మొదట క్రైస్తవ మఠాలలో సన్యాసులు గ్రంథాలకు ప్రతులు వ్రాసేవారు. నగరాలు, విశ్వవిద్యాలయాలు పెరిగిన తరువాత ఆ పని వృత్తికారుల చేతికి వచ్చింది. తోలును పదును చేసి వ్రాయడానికి అనువుగా మలచేవాడు ఒకడు, అక్షరాలు వ్రాసే వ్రాయసకాడు మరొకడు, బంగారు రేకులతో, రంగులతో తొలి అక్షరాలను అలంకరించేవాడు ఇంకొకడు, ఆకులను కుట్టి అట్టలు కట్టేవాడు వేరొకడు. ఒకే వృత్తివారు కలిసి ఏర్పరచుకొన్న సంఘాన్ని గిల్డు అంటారు. ప్రాచీన భారతదేశంలో ఇటువంటి సంఘాలను శ్రేణులు అనేవారు. లండన్ నగరంలో లేఖకులు, చిత్రకారులు, పుస్తకాల బైండర్లు కలిసి 1403లోనే ఒక గిల్డుగా ఏర్పడ్డారు. పని నాణ్యతను కాపాడడం, కొత్తవారికి శిక్షణ ఇవ్వడం ఇటువంటి సంఘాల ముఖ్య బాధ్యతలు. నేర్చుకోదలచిన బాలుడు కొన్ని ఏళ్ళపాటు గురువు ఇంటనే ఉండి పనిచేసి, చివరకు తానూ పనివాడనిపించుకొనేవాడు.

1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్ నగరంలో గూటెన్‌బర్గ్ బైబిలు ముద్రణ పూర్తయింది. అచ్చు మానవజాతికి చేసిన మేలు అపారం. విద్య కొద్దిమంది సొత్తుగా ఉండే స్థితి దానివల్లనే మారింది. అయితే వ్రాయసకానికి గిరాకీ తగ్గింది. గిరాకీ లేని పనిని నేర్చుకొనేవారు తగ్గిపోయారు. కాలక్రమంలో సన్నని మొన గల కలంతో, ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వ్రాసే రాత ప్రచారంలోకి వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దం నాటికి కుట్టుపని, అట్టల తయారీ కూడా చాలావరకు యంత్రాల పాలయ్యాయి. పాత గ్రంథాలు గ్రంథాలయాలలో భద్రంగానే ఉన్నాయి. వాటిలోని అక్షరాలను ఎలా వ్రాశారో చెప్పగల మనిషి మాత్రం దొరకడం అరుదైపోయింది.

ఈ లోటును తీవ్రంగా గుర్తించినవారిలో విలియం మోరిస్ ఒకడు. కవి, రూపశిల్పి, సామ్యవాది అయిన మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ముద్రణాలయాన్ని నెలకొల్పి, చేతితో చేసిన కాగితంపై, చేతితో నడిపే యంత్రంపై అందమైన పుస్తకాలు అచ్చువేశాడు. అతని మిత్రుడు కాబ్డెన్ శాండర్‌సన్ న్యాయవాద వృత్తిని విడిచి పుస్తకాల బైండింగు నేర్చుకొన్నాడు. చదువుకొన్న పెద్దమనిషి సూది, దారం పట్టుకొని కుట్టుబల్ల ముందు కూర్చోవడం నాటి సమాజానికి ఆశ్చర్యం కలిగించింది. చేతిపనిలో ఆలోచనకూ గౌరవానికీ చోటుందని అతడు ఆచరణలో చూపాడు.

లేఖనకళకు పునర్జన్మనిచ్చిన ఘనత ఎడ్వర్డ్ జాన్‌స్టన్‌ది. ఆయన 1872లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో జన్మించాడు. ఎడిన్‌బరోలో వైద్యవిద్య ప్రారంభించి, మధ్యలోనే మానుకొన్నాడు. 1898లో లండన్‌లో లెథబీ అనే వాస్తుశిల్పిని కలిశాడు. ఆ పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. లెథబీ సలహాపై జాన్‌స్టన్ బ్రిటిష్ మ్యూజియంలోని ప్రాచీన వ్రాతప్రతులను పరిశీలించసాగాడు. నేర్పడానికి గురువు లేడు. ఉన్నవి వెయ్యేళ్ళనాటి ఆకులు మాత్రమే. వాటినే గురువుగా భావించి, ఒక్కొక్క గీత ఎక్కడ మొదలై, ఎక్కడ ముగిసిందో, ఎక్కడ లావెక్కి, ఎక్కడ సన్నబడిందో పరీక్షించాడు.

ఆ పరిశీలనలో ఒక రహస్యం తేలింది. పాత అక్షరాలలోని లావు, సన్నాలు చేతి ఒత్తిడి వలన కలిగినవి కావు. కలం అంచు వలన కలిగినవి. ఈకను గాని రెల్లును గాని ఉలిలాగా వెడల్పుగా చెక్కి, ఆ అంచును ఎల్లప్పుడూ ఒకే కోణంలో నిలిపి వ్రాస్తే, కలం ఒక దిక్కుకు కదిలినపుడు గీత లావుగానూ, మరొక దిక్కుకు కదిలినపుడు సన్నగానూ దానంతట అదే వస్తుంది. పదవ శతాబ్దంలో ఇంగ్లండులో వ్రాసిన ఒక ప్రార్థనాగీతాల గ్రంథాన్ని ఆధారం చేసుకొని, ఆయన విద్యార్థులకు అనువైన ఒక మూలలిపిని రూపొందించాడు.

1899లో లండన్‌లోని సెంట్రల్ స్కూల్‌లో జాన్‌స్టన్ తరగతులు ప్రారంభమయ్యాయి. తరువాతి కాలంలో గొప్ప శిల్పిగా, అక్షర రూపశిల్పిగా పేరొందిన ఎరిక్ గిల్, బంగారు రేకుల అలంకరణను పునరుద్ధరించిన గ్రేలీ హ్యూయిట్ ఆ తొలి విద్యార్థులలో ఉన్నారు. అప్పటికే వయసు మీరిన కాబ్డెన్ శాండర్‌సన్ కూడా విద్యార్థిగా వచ్చి కూర్చున్నాడు. ఆనా సైమన్స్ అనే విద్యార్థిని ఈ విద్యను జర్మనీకి తీసుకొనిపోయింది. తాను కనుగొన్నదంతా జాన్‌స్టన్ 1906లో ఒక గ్రంథంగా ప్రకటించాడు. లండన్ భూగర్భ రైల్వే కోసం ఆయన రూపొందించి, 1916లో వాడుకలోకి వచ్చిన అక్షరాలు కొద్ది మార్పులతో నేటికీ అక్కడి స్టేషన్లలో కనిపిస్తాయి. ఆయన అడుగుజాడలలో నడిచినవారు 1921లో లేఖకుల, గ్రంథాలంకారకుల సంఘాన్ని స్థాపించారు. అది నేటికీ పనిచేస్తున్నది. అంతకుముందే, 1906లో, న్యూయార్క్‌లో గ్రంథశిల్పుల గిల్డు ఏర్పడింది. దాని శాఖలు ఇప్పుడు అమెరికాలోని అనేక ప్రాంతాలలో ఉన్నాయి.

ఇటువంటి సంఘాలు నడిపే కార్యశాలలో చేరినవారు మొదటిరోజే అందమైన అక్షరాలు వ్రాయరు. ముందుగా కాగితంపై గీతలు గీసుకోవాలి. కలం అంచు వెడల్పు ఎంతో చూసి, దానికి నాలుగు రెట్లు ఎత్తు ఉండేటట్లు రెండు గీతల మధ్య దూరాన్ని నిర్ణయించుకోవాలి. కలం అంచును గీతకు సుమారు 30 డిగ్రీల వాలులో నిలపాలి. ఆపై నిలువు గీతలు, విల్లువంపులు పుటలకొద్దీ సాధన చేయాలి. ఒక్కొక్క అక్షరం బాగుంటే సరిపోదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మిగిలే తెల్లని చోటు కూడా సమంగా ఉండాలి. ఈ చోటును చూడగలగడమే లేఖనకళలో తొలిమెట్టు.

పుస్తక నిర్మాణానిదీ ఇదే తీరు. కాగితానికి కర్రకు ఉన్నట్లే పోగు ఉంటుంది. తేమ తగిలినపుడు కాగితం పోగుకు అడ్డంగా ఎక్కువగా సాగుతుంది. అందువల్ల పోగు పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండేటట్లు మడవాలి. అలా మడవని పుస్తకం ఆకులు వంకరపోతాయి, సరిగా తెరచుకోవు. కాగితాలను కొన్నికొన్నిగా మడిచి, ఒకదానిలో ఒకటి చేర్చితే ఒక కట్ట అవుతుంది. మన అచ్చు కార్యాలయాలలో దీనినే ఫారం అంటారు. మడత వెంట లావుపాటి సూదితో రంధ్రాలు చేసి, తేనెమైనం రాసిన నారదారంతో కట్టలను ఒకదానితో ఒకటి కలిపి కుట్టాలి. దారం వదులైతే పుస్తకం జారుతుంది. మరీ బిగిస్తే కాగితం చిరుగుతుంది. ఎంత బిగించాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. పక్కన కూర్చున్న అనుభవజ్ఞుని చేతిని చూసి, ఆ దారాన్ని మన వేళ్ళతో తాకి తెలుసుకోవాలి. చివరగా వెన్నుకు గోధుమపిండి జిగురు పూసి, అట్టలు చేర్చి, బరువు పెట్టి ఆరనివ్వాలి. ఆ జిగురు నీటితో తడిపితే విడివడుతుంది. కనుక నూరేళ్ళ తరువాత మరమ్మతు చేయవలసినవాడు పుస్తకానికి హాని చేయకుండా దానిని విప్పగలడు. తన తరువాత రాబోయేవాని గురించి ఆలోచించడం ఈ వృత్తిధర్మంలో ఒక భాగం.

ఇదంతా తీరిక ఉన్నవారి వినోదం కాదా అని ఎవరికైనా సందేహం కలగవచ్చు. 1966వ సంవత్సరం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. ఆ ఏడాది నవంబరు 4న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని ఆర్నో నది ముంచెత్తింది. నది ఒడ్డునే ఉన్న జాతీయ కేంద్ర గ్రంథాలయంలోకి బురదనీరు, నూనె చొరబడి లక్షలాది గ్రంథాలు నానిపోయాయి. వేరువేరు దేశాల యువతీయువకులు వచ్చి, వరుసగా నిలబడి, తడిసిన పుస్తకాలను చేతి నుంచి చేతికి అందిస్తూ బయటకు చేర్చారు. వెలికితీసిన తరువాత అసలు పని మొదలైంది. వాటిని విప్పాలి, ఒక్కొక్క ఆకును కడగాలి, ఆరబెట్టాలి, మళ్ళీ కుట్టాలి. ఏ యంత్రమూ చేయలేని పని ఇది.

అప్పుడు సాయపడడానికి బ్రిటన్ నుంచి వెళ్ళిన బైండర్లలో పీటర్ వాటర్స్ ప్రముఖుడు. అతడు రోజర్ పావెల్ వద్ద పనిచేసినవాడు. ఐర్లండు జాతిసంపదగా భావించే బుక్ ఆఫ్ కెల్స్ గ్రంథాన్ని 1953లో నాలుగు సంపుటాలుగా బైండు చేసినది ఆ పావెలే. పావెల్ అంతకుముందు డగ్లస్ కాకెరెల్ కార్యశాలలో పనిచేశాడు. నాలుగవ శతాబ్దపు గ్రీకు బైబిలు ప్రతియైన కోడెక్స్ సైనైటికస్‌కు 1935లో బైండింగు చేసినది కాకెరెల్. ఆ కాకెరెల్ తొలుత పని నేర్చుకొన్నది న్యాయవాద వృత్తి విడిచి సూది పట్టిన కాబ్డెన్ శాండర్‌సన్ వద్ద! 1880లలో ఒక్క మనిషి కుతూహలంతో మొదలుపెట్టిన పని నాలుగు తరాల చేతులు మారి, ఎనభై ఏళ్ళ తరువాత ఒక నగరపు జ్ఞానసంపదను కాపాడడానికి తోడ్పడింది. ఆ గొలుసులో ఏ ఒక్క కడియం లేకపోయినా ఆ నేర్పు ఫ్లారెన్స్‌కు చేరేది కాదు. అంతేకాదు, మెత్తని తోలు అట్టతో, జిగురు తక్కువగా వాడి, దారంతో కట్టిన కొన్ని పాత పుస్తకాలు వరదను ఇతర పుస్తకాలకంటె బాగా తట్టుకొన్నాయని అక్కడ పనిచేసిన క్రిస్టఫర్ క్లార్క్‌సన్ గమనించాడు. పూర్వుల పనితనంలోని వివేకం అలా మరొకసారి వెల్లడయింది.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. మన పూర్వులు తాటాకులను ఎండబెట్టి, పదును చేసి, గంటంతో అక్షరాలను గీసి, వాటిలో మసి నింపి గ్రంథాలను సిద్ధం చేశారు. ఆకుకు రంధ్రం చేసి తాడు దూర్చి, పైనా క్రిందా చెక్కబద్దలు పెట్టి కట్టడమే వారి బైండింగు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, వ్రాయసకాండ్రను నియమించి ఎన్నో తెలుగు కావ్యాలకు ప్రతులు వ్రాయించకపోతే వాటిలో కొన్ని మనకు దక్కేవి కావేమో! తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలోను, తిరుపతి, హైదరాబాదులలోని ప్రాచ్యలిఖిత భాండాగారాలలోను తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. ఇటువంటి సంపదను గుర్తించి, కాపాడడానికి భారత ప్రభుత్వం 2003లో జాతీయ వ్రాతప్రతుల మిషన్‌ను నెలకొల్పింది. అయితే ఆకు మిగిలినంత మాత్రాన విద్య మిగిలినట్లు కాదు. గంటం పట్టగల చేయి, ఆకుకు నూనె పట్టించగల చేయి, పాత లిపిని చదవగల కన్ను కూడా మిగలాలి.

నేటి విద్యార్థి వ్రేళ్ళు మీటలపైనే ఎక్కువగా కదులుతున్నాయి. యంత్రాన్ని విడిచిపెట్టమని ఎవరూ కోరరు. ముద్రణకు కొత్త అందాన్నిచ్చిన మోరిస్, రైల్వేకు అక్షరాలు సమకూర్చిన జాన్‌స్టన్ తమ కాలానికి దూరంగా బ్రతికినవారు కారు. వారు కోరినదల్లా చేతికి తెలిసిన విద్య చేతులలోనే అంతరించిపోకూడదని. మన ఊరిలో పాత పద్ధతిలో పుస్తకాలు కుట్టే బైండరు ఉండవచ్చు. గోడలపై, బట్టలపై తెలుగు అక్షరాలను వంపుసొంపులతో తీర్చే చిత్రకారుడు ఉండవచ్చు. నలుగురు విద్యార్థులు కలిసి ఆయన వద్ద సెలవురోజున రెండు గంటలు కూర్చొంటే అదే ఒక చిన్న కార్యశాల అవుతుంది. ఆయన దస్తూరిలోని ఒక వంపు, ఆయన కుట్టులోని ఒక ముడి మన చేతికి వస్తే, ఆ విద్యకు మరొక తరం ఆయుష్షు పోసినవారమవుతాము.

పదాలు – అర్థాలు

వ్రాయసకాడు = లేఖకుడు, ప్రతులు వ్రాసేవాడు
శ్రేణి = ఒకే వృత్తివారి సంఘం
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప కలం
దస్తూరి = చేతిరాత
భాండాగారం = విలువైనవాటిని దాచే చోటు

ప్రశ్నలు

1. మధ్యయుగాల ఐరోపాలో గిల్డులు నిర్వహించిన బాధ్యతలు ఏవి?
2. ప్రాచీన వ్రాతప్రతుల పరిశీలనలో జాన్‌స్టన్ కనుగొన్న రహస్యాన్ని వివరించండి.
3. ‘ఎంత బిగించాలో ఏ పుస్తకమూ చెప్పలేదు.’ సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. ఫ్లారెన్స్ వరద సమయంలో చేతివిద్య ఎలా ఉపయోగపడిందో వ్రాయండి.
5. మీ ప్రాంతంలో అంతరించిపోతున్న ఒక చేతివిద్య గురించి తెలిసినవారిని కలిసి, పదిహేను పంక్తులకు మించకుండా వ్రాయండి.