కనిపించని 80 కిలోలు

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో స్థిరపడిన పాఠకుడొకరు ఈ నెల ఒక ప్రశ్న పంపారు. ఆయన బరువు 105 కిలోలట, వయసు నలభై దాటిందట. ఆదివారాలు అక్కడి క్లబ్బు వాళ్లతో కలిసి ట్రయల్స్ బండి తోలాలని సరదా. టూ స్ట్రోక్ పొగా, పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలుపుకునే తంటా ఆయనకు వద్దు. ఫోర్ స్ట్రోకే కావాలి, అదీ చిన్నదైతే మేలు. 125 సీసీ బండి తనను మోస్తుందా అన్నది సందేహం. ఒక్క వాక్యంలో జవాబు రాసి పంపెయ్యొచ్చు. కానీ ఆ ప్రశ్న అడుగున ఫ్లైవీల్ దాక్కుని ఉంది. ఫ్లైవీల్ కంటపడ్డాక దాన్ని దాటుకుని పోవడం నాకు చేతకాదు.

ట్రయల్స్ గురించి ముందు నాలుగు ముక్కలు. ఇది పరుగుపందెం కాదు. బండరాళ్లు, వాగులు, వేర్లు తేలిన బురద గట్ల మధ్య దారి గుర్తులు పెడతారు. కాలు కింద పెట్టకుండా ఆ దారి దాటాలి. ఒకసారి పెడితే 1 తప్పు మార్కు, పడిపోతే 5. అందరికన్నా తక్కువ మార్కులు వచ్చినవాడిదే గెలుపు. బండికి సీటన్నది పేరుకే, నిలబడే తోలతారు. ఇప్పటి బండ్ల బరువు 75 కిలోలకు అటూ ఇటూ. వేగం మనిషి నడకంత.

అంటే మన పాఠకుడు ఎక్కితే మొత్తం 180 కిలోలు. 70 కిలోల మనిషి ఎక్కితే 145. ఈ తేడా దెబ్బ తీసేది ఎక్కడ? పట్టు దగ్గరే అనుకుంటారు చాలామంది. లావాటి మనిషి గట్టెక్కుతుంటే టైరు జారిపోతుందని వాళ్ల భయం. అది తప్పు. బరువు పెరిగితే వాలు వెంట కిందికి లాగే బలం ఎంత పెరుగుతుందో, టైరును నేలకు అదిమే బలమూ, దాంతోపాటు ఘర్షణా అదే నిష్పత్తిలో పెరుగుతాయి. లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది. మెత్తటి బురదలో ఈ సూత్రం కొంత సడలుతుంది గానీ, రాతి మీద ఇద్దరికీ టైరు జారే వాలు దాదాపు ఒకటే.

దెబ్బ తగిలేది టార్కు దగ్గర. 30 డిగ్రీల వాలు మీద 180 కిలోలను పైకి తోయాలంటే సుమారు 880 న్యూటన్ల బలం కావాలి. వెనక చక్రం వ్యాసార్ధం 33 సెంటీమీటర్లనీ, మొదటి గేరులో ఇంజను 30 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనీ అనుకుందాం. ఇంజను ఇవ్వాల్సింది 10 న్యూటన్ మీటర్లకు కాస్త తక్కువ. చైనులో, గేర్లలో పోయేది దీనికి అదనం. మామూలు ఫోర్ స్ట్రోక్ ఇంజను 100 సీసీకి 8, 9 న్యూటన్ మీటర్లిస్తుంది, అదీ బాగా రేజ్ చేసినప్పుడు. కాబట్టి 125 సీసీ బండి తన దగ్గరున్నదంతా ఊడ్చి పెడితే గానీ ఆయన గట్టెక్కడు. 70 కిలోల మనిషికైతే 8 న్యూటన్ మీటర్లు చాలు.

ఇక అసలు సంగతి. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే మంట అంటుకుంటుంది. మిగతా మూడు స్ట్రోకులకూ, అంటే గాలి పీల్చడానికీ, దాన్ని అదమడానికీ, పొగ వదలడానికీ, ఇంజను దాచుకున్న శక్తినే ఖర్చు పెట్టుకోవాలి. నెమ్మదిగా తిరిగేటప్పుడు అదిమే స్ట్రోకు దాటలేక ఆగిపోకుండా ఉండాలంటే క్రాంకుకు బరువైన చక్రం తగిలించక తప్పదు. కుమ్మరి కర్రతో తిప్పి వదిలేశాక సారె తన బరువుతోనే తిరుగుతున్నట్టు, ఒక మంటకూ మరో మంటకూ మధ్య ఇంజనును నడిపించేది ఈ ఫ్లైవీలే. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మంట ఉంటుంది కనుక తేలికపాటి చక్రంతో గడిచిపోతుంది. ఫోర్ స్ట్రోక్ విధిలేక మోసిన ఈ బరువే రాళ్ల మీద దానికి కలిసొచ్చింది.

ఎలాగో చూడండి. 2 కిలోల ఇనుము 7 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకోండి. ద్రవ్యరాశిని వ్యాసార్ధ వర్గంతో గుణిస్తే దాని జడత్వ భ్రామకం 0.01 దగ్గర తేలుతుంది. ఏమీ లేనట్టే. కానీ వెనక చక్రం వైపు నుంచి చూస్తే దీన్ని గేరు నిష్పత్తితో ఒకసారి కాదు, రెండుసార్లు గుణించాలి. చక్రం కన్నా ఫ్లైవీల్ 30 రెట్లు వేగంగా తిరగాలి కనుక ఒకసారి. దాని మొండితనం గేర్ల గుండా చక్రానికి చేరేసరికి మళ్లీ 30 రెట్లవుతుంది కనుక రెండోసారి. 30 వర్గం 900. మన 0.01 కాస్తా 9 అయింది. దాన్ని చక్రం వ్యాసార్ధ వర్గంతో భాగిస్తే 80 కిలోలు దాటుతుంది! అరచేతిలో పట్టే ఇనుప బిళ్ల, మొదటి గేరులో 80 కిలోల మనిషి బండి వెనక ఎక్కి కూర్చున్నంత పని చేస్తోంది.

నాకు ముచ్చటేసే సంగతి ఇంకోటుంది. ఈ 80 కిలోలను భూమి కిందికి లాగదు. వీటిని గట్టెక్కించడానికి ఇంజను అదనంగా కష్టపడక్కర్లేదు. వేగం మారబోయినప్పుడే అవి అడ్డం తిరుగుతాయి. టైరు పట్టు తప్పిందనుకోండి. చక్రం గిర్రున తిరగాలంటే ముందు ఫ్లైవీల్ వేగం పెరగాలి, అది చప్పున పెరగదు. ఆ లోపల రైడరు చెయ్యి సడలిస్తే టైరు మళ్లీ నేల పట్టుకుంటుంది. ఫ్లైవీల్ తేలికైన బండిలో ఆ వ్యవధి దొరకదు, వెనకవాళ్ల మొహాన బురద పడ్డాకే విషయం తెలుస్తుంది.

చక్రం రాతికి తగిలి వేగం పడిపోయినప్పుడు కథ తిరగబడుతుంది, ఫ్లైవీల్ దాచిందంతా ఇచ్చేస్తుంది. నిమిషానికి 1500 చుట్ల దగ్గర మన ఫ్లైవీల్లో సుమారు 123 జౌళ్లుంటాయి. నష్టాలేవీ లేవనుకుంటే 180 కిలోలను 7 సెంటీమీటర్లు ఎత్తడానికి అవి సరిపోతాయి. 70 కిలోల మనిషినైతే అదే శక్తి దాదాపు 9 సెంటీమీటర్లు ఎత్తుతుంది. లావు మనిషి నష్టపోయేది ఇక్కడే. కాబట్టి ఆయన మొదట అడగాల్సింది ఫ్లైవీల్ సంగతి. బరువైన ఫ్లైవీల్‌తో బండి చురుకుదనం తగ్గుతుందని పోటీల వాళ్లు గొణుగుతారు. వెనక చక్రం మీద కప్పగంతులు వేసేవాళ్ల గొడవ అది, ఆదివారం సరదాకు వచ్చేవాళ్లది కాదు.

ఫోర్ స్ట్రోక్ పట్టుకు ఇంకో కారణం చెబుతుంటారు. 1500 చుట్ల దగ్గర అది సెకనుకు పన్నెండున్నర సార్లు పేలుతుంది. మన లెక్క ప్రకారం మంటకూ మంటకూ మధ్య బండి 14 సెంటీమీటర్లు కదులుతుంది, టూ స్ట్రోక్ అయితే 7. ఆ విరామంలో టైరు ఊపిరి పీల్చుకుని నేలను మళ్లీ పట్టుకుంటుందని వాదన. వినడానికి బాగుంది. అయితే ఆ కుదుపులను నున్నగా చేసేది కూడా ఫ్లైవీలే కదా! ఫ్లైవీల్‌నూ కుదుపులనూ ఒకే ఊపిరిలో పొగిడేవాళ్లు కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నారు.

ఫోర్ స్ట్రోక్ చచ్చిపోయిందని తీర్మానించినవాళ్ల కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఏళ్ల తరబడి 500 సీసీ ఏరియల్ తోలిన శామీ మిల్లర్, స్పెయిన్ కంపెనీ బుల్టాకో తేలికపాటి టూ స్ట్రోక్‌కు మారి 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. పాత బండ్ల పని అయిపోయిందన్నారు. తర్వాత అదే మిల్లర్‌ను హోండా పిలిచి ఫోర్ స్ట్రోక్ ట్రయల్స్ బండ్ల పని అప్పగించింది. 1982 నుంచి 1984 దాకా వరసగా మూడేళ్లు బెల్జియం కుర్రాడు ఎడీ లెజూన్ హోండా ఫోర్ స్ట్రోక్ మీద ప్రపంచ చాంపియన్. మళ్లీ టూ స్ట్రోకులు రాజ్యమేలాయి, మళ్లీ అదే తీర్మానం. 2005లో హోండా చేతిలోని మోంటెసా కోటా 4ఆర్‌టీ వచ్చింది. 2007 నుంచి 2024 దాకా ఏటా ప్రపంచ టైటిల్ ఆ వంశపు ఫోర్ స్ట్రోక్ మీద స్పెయిన్ రైడరు టోనీ బౌదే.

మన బుల్లెట్ కూడా ఈ చరిత్రలో ఉందని ఎంతమందికి తెలుసు? 1952లో స్కాటిష్ ట్రయల్ గెలిచిన జానీ బ్రిటన్ తోలింది 350 బుల్లెట్. ఊళ్లో డుగుడుగు శబ్దంతో నింపాదిగా నడిచే ఆ ఇంజనులో వినబడేది బరువైన ఫ్లైవీలే. ఆయన పేరు చెప్పుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ 2019లో బుల్లెట్ ట్రయల్స్ అని ఒక బండి అమ్మింది. బరువు దాదాపు 190 కిలోలు! దాన్ని వాగులో రాళ్ల మీదికి తీసుకెళ్తే బయటికి లాగడానికి ట్రాక్టరు పిలవాలి.

సరే, ఏది కొనాలి? యమహా 125 ఇంజనుతో స్కోర్పా చేసిన బండి ముద్దొస్తుంది గానీ ఈ పాఠకుడికి చాలదు. మనసు దానిమీదే ఉంటే ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తక్కువది వేయించుకోవాలి. 1980ల నాటి హోండా టీఎల్‌ఆర్ 200 మెత్తగా లాగుతుంది, కానీ పాత బండి, రిపేర్ల ఓపిక కావాలి. నా ఓటు సెకండ్ హ్యాండ్ మోంటెసా 260కి. దానికి బ్యాటరీ కూడా ఉండదు, కిక్ కొట్టినప్పుడు పుట్టే కరెంటే ఫ్యూయల్ ఇంజెక్షన్‌ను లేపుతుంది. ఏది కొన్నా ముందూ వెనకా గట్టి స్ప్రింగులు వేయించుకోవాలి. ఉన్న స్ప్రింగునే నట్టు తిప్పి బిగిస్తే సరిపోతుందనేవాళ్ల మాట వినొద్దు. దాంతో బండి ఎత్తు పెరుగుతుంది గానీ స్ప్రింగు గట్టిపడదు. వెనక టైరులో గాలి మామూలుగా 4, 5 పీఎస్‌ఐ పెడతారు. ఈయన కాస్త ఎక్కువ పెట్టకపోతే రిమ్ము రాతికి కొట్టుకుంటుంది.

గుర్రపుశక్తిని రంగుల అక్షరాల్లో వేసే ఏ కంపెనీ కరపత్రమూ ఫ్లైవీల్ జడత్వం చెప్పదు. అడిగితే అమ్మేవాడు వింతగా చూస్తాడు. అందుకని బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, రేజ్ పెంచకుండా ఒక జానెడు మెట్టు ఎక్కించి చూడమనండి. ఇంజను ఆగకుండా ఎక్కితే, బేరం అప్పుడు మొదలుపెట్టొచ్చు.